ఛీ మేడం సంతకం

ఫలక్‌నుమా స్టేషన్‌లో దిగి, వెల్డింగు షాపుల సందులోంచి బయటపడితే మూలమీద బసవయ్య గారి రక్తపరీక్షల ల్యాబు ఉండేది. అక్కడ కంప్యూటర్లు చూసుకునే విమలాదేవిని అందరూ ఎదురుగా 'మేడం' అనేవాళ్ళు. అటు తిరగ్గానే 'ఛీ మేడం' అనేవాళ్ళు. ఆ పేరు పెట్టినవాడెవడో గానీ వాడిని తప్పు పట్టడానికి లేదు. పొద్దున మెట్లెక్కి లోపలికి వచ్చేసరికే ఆమె నోట్లోంచి కనీసం రెండు సార్లు ఆ మాట రావలసిందే.

అయితే ఆమె అసహ్యానికి ఒక పద్ధతి ఉండేది. ల్యాబు బల్లల మీద రక్తం గొట్టాలు, మూత్రం సీసాలు, పేరు చెప్పకూడని డబ్బాలు వరసగా ఉండేవి. వాటి పక్కనే కూర్చుని నిమ్మళంగా టిఫిన్ తినేది. "అవి జబ్బు మనుషులవి, పాపం, వాళ్ళేం చేస్తారు" అనేది. కీబోర్డు తిరగేసి కొట్టినప్పుడు ఉస్మానియా బిస్కట్ల పొడి రాలిందా, ఇక చూసుకోండి. "ఛీ! మనుషులేనా మీరు? తిన్న చేయి కడుక్కోవడం ఇంట్లో నేర్పలేదా?" మౌస్ మీద పాన్ మరక కనిపించిన రోజున మధ్యాహ్నం దాకా మంచినీళ్ళు కూడా ముట్టేది కాదు. ఆమె సంచిలో ఎప్పుడూ పాత టూత్‌బ్రష్షు, స్పిరిట్ సీసా, దూది ఉండేవి.

సొంతూరు తెనాలి పక్కన. భర్త ఉమాపతి రైల్వేలో గుమాస్తా. ఆయనకి ఇటు బదిలీ అయితే ఉప్పుగూడలో ఇల్లు అద్దెకు తీసుకున్నారు. ఈ దుమ్ము, ఈ ఇరుకు, ఈ మోరీల కంపు చూసి మొదటి నెలంతా ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకునే తిరిగింది. తొంభైల చివర్లో ల్యాబులో రిపోర్టులు టైపు చేసే పనికి చేరింది. బసవయ్య బ్రాంచీలు పెంచుతూ పోయాడు. ఉప్పుగూడలో ఒకటి, కిషన్‌బాగ్‌లో ఒకటి, ఇంకా అటూ ఇటూ. బ్రాంచీతో పాటు కంప్యూటర్లు పెరిగాయి. కంప్యూటర్లతో పాటు విమలాదేవి చాకిరీ పెరిగింది.

ఏ చాకిరీ అంటారా? రిపోర్టులు అచ్చువేసే సాఫ్ట్‌వేర్‌లో చిన్న మార్పు వచ్చిందంటే చాలు, ఆమె ఫ్లాపీలు టిఫిన్ డబ్బాలో సర్దుకుని ఆటో ఎక్కేది. బయట పెడితే దుమ్ముకి పాడవుతాయని డబ్బాలో పెట్టేది. కిషన్‌బాగ్ చేరేసరికి అక్కడి ఆపరేటరు ఇరానీ చాయ్‌కి పోయి ఉండేవాడు. వాడొచ్చేదాకా కాపలా. వాడొచ్చాక కంప్యూటరు ఆ ఫ్లాపీని చదవదు. మళ్ళీ ఫలక్‌నుమా. ఆ వారమంతా ఒక బ్రాంచీ రిపోర్టు ఒక రకంగా, ఇంకో బ్రాంచీ రిపోర్టు ఇంకో రకంగా వచ్చేవి. "ఛీ, ఇదీ ఒక బతుకేనా" అని ఇంటికొచ్చి మొగుడి మీద విరుచుకుపడేది. ఆయన పేపర్ చాటున తల దాచుకునేవాడు.

అందుకని ఆమె పంతం పట్టి పని నేర్చుకుంది. కోఠీలో పాత పుస్తకాలు కొని చదివింది. తెలిసినవాళ్ళకి ఫోన్లు చేసి ప్రాణాలు తోడింది. ఫలక్‌నుమా ల్యాబు వెనక గదిలో ఒక సర్వరు పెట్టించింది. ఏ అప్‌డేటు వచ్చినా ముందు ఆ సర్వరుకి చేరుతుంది. విమలాదేవి దాన్ని చూసి, సరే అని ఒక టిక్కు పెడుతుంది. అంతే, ఫోన్ లైన్ల మీద అది అన్ని బ్రాంచీల్లోని అన్ని కంప్యూటర్లకూ దానంతట అదే వెళ్ళి కూర్చుంటుంది. ఆటో లేదు, టిఫిన్ డబ్బా లేదు, చాయ్ తాగే ఆపరేటరు మొహం చూడక్కర్లేదు. మొదటిసారి అది పనిచేసిన రోజున ఆమె 'ఛీ' అనలేదని ల్యాబులో చెప్పుకున్నారు.

ఆ వైర్లు లాగిందీ, సీలింగు మీద పాకిందీ అటెండరు మల్లన్న. ఉప్పుగూడ రైలు పట్టాల పక్క బస్తీ అతనిది. నలభై దాటిన మనిషి. పొట్టిగా, గట్టిగా ఉంటాడు. ల్యాబు పెట్టిన నాటి నుంచీ ఉన్నాడు, ఆ నాటి నుంచీ టెంపరరీయే. మొత్తం ల్యాబులో విమలాదేవి తన మిషన్లు ముట్టుకోనిచ్చింది అతని చేతుల్ని మాత్రమే. కీబోర్డు మీటల సందుల్లో బ్రష్షు ఎలా తిప్పాలో, స్పిరిట్ ఎంత అద్దాలో అతనికి దగ్గరుండి నేర్పింది. రోజూ పొద్దున అతను తుడిచి, "జూడుండ్రి మేడం, అద్దం లెక్కున్నది" అనేవాడు. ఆమె వంగి చూసి ఏమీ అనకుండా వెళ్ళిపోయేది. ఏమీ అనకపోవడమే మెచ్చుకోవడమని మల్లన్నకి తెలుసు.

అతనికి ఒకే ఒక్క కోరిక ఉండేది. పర్మనెంట్ కావాలి. భార్య నీలమ్మకి ఆయాసం. చలికాలం వస్తే గోడకి ఆనుకుని కూర్చునే తెల్లవార్లూ ఊపిరి తీసుకునేది. పర్మనెంట్ అయితే ఈఎస్‌ఐ కార్డు వస్తుంది, కార్డుంటే మందులు ఊరికే దొరుకుతాయి. అడిగినప్పుడల్లా బసవయ్య "చేద్దాం తియ్" అనేవాడు. చివరికి 2003 ఎండాకాలంలో విమలాదేవే వెళ్ళి గట్టిగా అడిగితే సరేనన్నాడు. మల్లన్న ఆ రోజు ల్యాబంతా పేడాలు పంచాడు. విమలాదేవి తన పేడాని కాగితంలో చుట్టి, కీబోర్డుకి దూరంగా పెట్టి తర్వాత తింది.

ఇక బసవయ్య సంగతి. ఇనప సామాన్ల వ్యాపారం నుంచి వచ్చిన మనిషి. పంచాంగం చూడకుండా కుర్చీ కూడా జరపడు. సర్వరు పెట్టిన కొత్తలో ఒకసారి అప్‌డేటు వెళ్ళాక కిషన్‌బాగ్‌లో ప్రింటరు మొరాయించింది. సంగతేమిటా అని చూస్తే ప్రింటరు తీగని ఎలుక కొరికింది. బసవయ్య మాత్రం క్యాలెండరు తీసి చూశాడు. అప్‌డేటు వెళ్ళింది రాహుకాలంలో! ఇంకేముంది, ఆ రోజు నుంచి ఆయన అనుమతి లేకుండా టిక్కు పెట్టకూడదని హుకుం జారీ అయింది. సర్వరు నెత్తిన క్యాలెండరు వేలాడదీయించాడు. దానికి నిమ్మకాయా మిరపకాయలూ కట్టించాడు. దసరాకి సర్వరు ముందు గుమ్మడికాయ పగలగొట్టించి, పైన లడ్డూ పెట్టించాడు. మూడోనాడు విమలాదేవి పెట్టె విప్పితే లోపల చీమల బారు. ఫ్యాను రెక్కల మీద కూడా చీమలే. ఆవిడ ఆ రోజు అన్న 'ఛీ' వీధి చివర వెల్డింగు షాపుదాకా వినిపించిందట.

"సారుకి బుద్ధి లేదా, మల్లన్నా? ఇది గుడా?" అంది చీమల్ని దూదితో ఏరుతూ.

"పెద్దసారు గదా మేడం, ఏం జేస్తం. నేను మందు గొడ్త, మీరు పక్కకు జరుగుండ్రి" అన్నాడు మల్లన్న.

మల్లన్న పేడాలు పంచిన ఆ ఏడు ఆషాఢం వచ్చింది. నడి నెలలో ఒక అప్‌డేటు సర్వరుకి చేరింది. విమలాదేవి దాని వివరాలు చదివి కుర్చీలోంచి లేచింది. కంప్యూటర్లన్నింటిలోనూ ఒక కంత ఉందట. ఎవడూ ఏమీ తెరవక్కర్లేదు, ఏమీ నొక్కక్కర్లేదు. ఇంటర్‌నెట్ లైను కలిపి ఉంటే చాలు, బయటివాడు తిన్నగా లోపలికి వచ్చేయొచ్చు. ఈ అప్‌డేటు ఆ కంతని పూడుస్తుంది. వెంటనే బసవయ్య గదిలోకి వెళ్ళింది.

ఆయన క్యాలెండరు వంక చూసి, "గిప్పుడు గాదమ్మా. ఆషాఢం నడుస్తున్నది. శ్రావణం రానియ్" అన్నాడు.

"ఇదేమన్నా పెళ్ళాండీ? తలుపుకి తాళం వేస్తానంటున్నాను."

"తాళమైనా మంచి రోజు చూసే ఏస్త నేను. శూన్యమాసంల కొత్తది మొదలువెట్టి ఒకపారి మస్తు నష్టపోయిన. నాకు జెప్పకు." అంటూ ఎర్ర పెన్సిలు తీసి శ్రావణ పున్నమి దాటాక వచ్చే గురువారం చుట్టూ సున్నా చుట్టాడు. "గా దినం మంచిగున్నది. పొద్దుగాల తొమ్మిదింటికి నీ టిక్కు. మల్లన్న ఆర్డరు సుత గప్పుడే ఇద్దాం. రెండు మంచి పనులు ఒక్కపారే అయితయ్."

ఆమె బయటికి వచ్చి సర్వరు ముందు కూర్చుంది. ఒక్క టిక్కు. వేలు కదిపితే అయిపోతుంది. కానీ మల్లన్న ఆర్డరు కూడా ఆ సున్నాలోనే ఉంది. ఆయనకి తెలిస్తే ఆ కోపం మల్లన్న మీద పడుతుందేమో అనుకుంది. చేయి వెనక్కి తీసుకుంది. తన పిరికితనానికి తనమీద తనకే రోత పుట్టింది. "ఛీ, క్యాలెండరుకి దాసోహమైన బతుకు" అనుకుంటూ ఇంటికి పోయింది.

ఆషాఢం చివరి ఆదివారం పాతబస్తీలో బోనాలు. ఆ రోజు ల్యాబు మధ్యాహ్నం దాకే. మల్లన్న పసుపు బట్టలు కట్టుకుని, చేతిలో ఒక సీడీ పట్టుకుని వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"మేడం, అమ్మవారి పాటలు. ముందట రూంల జర సేపు పెట్టుకుంట. ఎవ్వరు లేరు గద ఇయ్యాల."

"ఏదీ, ఇటివ్వు. ఛీ, దీనికేమిటి, నూనా?"

"గారెలు తినుకుంట పట్టుకున్న మేడం."

ఆవిడ తిట్టుకుంటూనే దాన్ని స్పిరిట్‌తో తుడిచింది. తన కంప్యూటర్లో పెట్టి, వైరస్ ఉందేమోనని ప్రతి పాటనీ పరీక్ష చేసింది. ఏమీ లేదు. శుభ్రమైన సీడీ. తానే ముందు గదిలో కంప్యూటర్లో పెట్టింది. డప్పు మోగింది. మల్లన్న కుర్చీలు జరిపి, చేతులు పైకెత్తి రెండడుగులు వేశాడు. నవ్వకూడదని పెదవులు బిగించుకున్నా నవ్వాగలేదామెకి. ఆ ల్యాబులో ఆమె మనసారా సంతోషపడిన రోజుల్లో అదొకటి.

పున్నమి మర్నాడు బుధవారం. పొద్దున్నే ఉప్పుగూడ బ్రాంచీ నుంచి ఫోను. "మేడం, నా మిషన్ దానంతటదే బంద్ అయితున్నది. నిమిషంల బంద్ జేస్త అని చెప్తున్నది, చేస్తున్నది. మళ్ళ చాలూ అయితున్నది, మళ్ళ బంద్." ఫోను పెట్టేలోగా కిషన్‌బాగ్ నుంచి అదే మాట. తలెత్తి చూస్తే ముందు గదిలో కంప్యూటరు కూడా అదే పని చేస్తోంది. ఆ వారం ప్రపంచమంతా కంప్యూటర్లలో తిరిగిన వైరస్ పురుగు అది. ఉప్పుగూడ వాళ్ళు మెయిలు చూసుకోవడానికి లైను కలిపినప్పుడు లోపలికి వచ్చింది. అక్కడి నుంచి ఆమె వేయించిన లైన్ల మీదే ఒక్కొక్క కంప్యూటరుకీ పాకింది. అప్‌డేట్లు పంపడానికి ఆమె ఇష్టపడి వేసుకున్న దారి, చెత్త మోసుకొచ్చే మోరీ అయి కూర్చుంది.

ముందు గదంతా జనం. పరగడుపున రక్తం ఇచ్చినవాళ్ళు, నిన్నటి రిపోర్టు కోసం వచ్చినవాళ్ళు, చంకలో బిడ్డలతో తల్లులు. పెద్ద లొల్లి. ల్యాబుకి రోజూ రక్తం పంపే ఒక పెద్ద ఆసుపత్రి నుంచి ఫోన్ల మీద ఫోన్లు. ఆపరేషను బల్ల మీద పేషెంటు ఉన్నాడు, రిపోర్టేదీ? విమలాదేవి ఎవరినీ అడగలేదు. వైర్లు పీకేసింది. అప్‌డేటు సీడీల మీదకి ఎక్కించి, పాత టిఫిన్ డబ్బా వెతికి తీసి, మల్లన్నని వెంటబెట్టుకుని ఆటో ఎక్కింది. సాయంత్రానికి అన్ని బ్రాంచీలూ తిరిగి, ఒక్కొక్క కంప్యూటరునీ బాగుచేసి వచ్చింది. మల్లన్న ఆ డబ్బాని ఒళ్ళోంచి దించలేదు.

వచ్చేసరికి బసవయ్య గదిలో మేనేజరు బాబురావు కూర్చుని ఉన్నాడు. ఆసుపత్రి వాళ్ళు రాతపూర్వకంగా సంజాయిషీ అడిగారు. తప్పెవరిదో, ఏం చర్య తీసుకున్నారో రేపటికల్లా చెప్పకపోతే ఇక రక్తం పంపరట.

బాబురావు గొంతు సవరించుకున్నాడు. "నాకో సంగతి యాదికొస్తున్నది సార్. బోనాల నాడు మల్లన్న ఏదో పాటల సీడీ ఏసిండు ముందట కంప్యూటర్ల."

"ఆ సీడీ వేసింది నేనండీ" అంది విమలాదేవి. "పరీక్ష చేసి మరీ వేశాను. అందులో ఏమీ లేదు. ఈ పురుగు లైను మీద వచ్చింది. అప్‌డేటు నెల కిందటే వచ్చి సర్వర్లో కూర్చుంది. ఆషాఢమని మీరు ఆపారు. అదీ కారణం."

బసవయ్య కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. చాలా నెమ్మదిగా అన్నాడు. "ఆషాఢమని రాస్తే నేను నలుగురిల నవ్వులపాలైత. నువ్వేసినవని రాస్తే నీ నౌకరి పోతది. మల్లన్న ఏసిండని రాస్తే ఎవ్వరిది ఏం పోదు. వాడు అటెండరు, వానికేం తెలుస్తది అని వాళ్ళే అనుకుంటరు. కంప్యూటర్లు జూసేదానివి నువ్వు, నీ సంతకం ఉంటేనే నమ్ముతరు. జర సోంచాయించు."

"ఛీ!" అంది ఆమె, ఆయన మొహం మీదే. తలుపు దబాలున వేసి వచ్చేసింది.

ఇంటికి వెళ్ళి ఉమాపతికి అంతా చెప్పింది. ఆయన మొదటిసారి పేపరు పక్కన పెట్టాడు. "ఉన్నది ఉన్నట్టు రాసిచ్చెయ్ విమలా. పోతే ఉద్యోగమేగా, నా జీతం లేదూ?" అన్నాడు. ఆ మాటకి ఆమెకి ఏడుపొచ్చింది. కూర్చుని జరిగింది జరిగినట్టు రాసింది. ఆషాఢం, క్యాలెండరు, ఎర్ర సున్నా, సీడీని తాను పరీక్ష చేసిన సంగతి, అన్నీ. చాన్నాళ్ళకి కడుపునిండా అన్నం తింది.

గురువారం పొద్దున ఆ కాగితం సంచిలో పెట్టుకుని ల్యాబుకి వస్తే మెట్ల దగ్గర మల్లన్న నిలబడి ఉన్నాడు. గడ్డం గీసుకోలేదు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"మేడం, జర ఇటు రాండ్రి" అని మెట్ల కిందకి పిలిచాడు. "రాత్రి పెద్దసారు ఇంటికి పిలిపించిండు. నా సీడీ తోనే ఖరాబైందని ఒప్పుకుంట కాయితం రాసిచ్చిన."

"ఎందుకు రాసిచ్చావయ్యా? నీకు మతి పోయిందా? నీ సీడీలో ఏమీ లేదు, నేను చూశాగా!"

"రాయకుంటే తీసేస్త అన్నడు. పోలీస్ కేసు సుత పెడ్తరంట ఆసుపత్రోళ్ళు. రాస్తే నన్ను ఉంచుతడంట. పర్మనెంట్ ముచ్చట ఇగ లేదన్నడు. గదైనా మంచిదే మేడం, ఉన్న నౌకరి ఉంటది. నీలమ్మ మందులకు ఇప్పుడు ఎట్ల కొంటున్ననో గట్లనే కొంట." అతను చేతులు జోడించాడు. "మీరు వేరే తీరు రాసిండ్రంటే నేను అబద్ధమాడినట్టైతది. నీ కాయితం ఒక తీరు, మేడం కాయితం ఒక తీరు అని ఎల్లగొడ్తడు. మీ కాళ్ళు మొక్కుత మేడం, సంతకం వెట్టుండ్రి."

నిజంగానే వంగబోయాడు. ఆమె గబుక్కున రెండు చేతులూ పట్టుకుని ఆపింది. స్పిరిట్ వాసన వేసే చేతులు. సంచిలో కాగితం ఉంది. అది బయటికి తీస్తే తాను గెలుస్తుంది, ఈ మనిషి రోడ్డున పడతాడు. బసవయ్యకి ఆ సంగతి తెలుసు. తెలిసే రాత్రి అతన్ని ఇంటికి పిలిపించాడు.

లోపల సర్వరు గదిలో అగరొత్తులు వెలిగించి ఉన్నాయి. బసవయ్య పట్టు కండువా వేసుకుని గడియారం చూస్తున్నాడు. నిన్ననే అన్ని చోట్లా అయిపోయిన అప్‌డేటుకి ఇవాళ ముహూర్తం! విమలాదేవి సర్వరు ముందు కూర్చుని టిక్కు పెట్టింది. ఆయన కర్పూరం వెలిగించి హారతి ఇచ్చాడు. బాబురావు కళ్ళకద్దుకున్నాడు. అప్పుడు బసవయ్య టైపు చేయించి ఉంచిన కాగితం ఆమె ముందు పెట్టాడు. 'అటెండరు మల్లన్న అనుమతి లేకుండా తెచ్చిన సీడీ కారణంగా' అని మొదలైంది అది.

"ఇంకా మంచి ఘడియనే ఉన్నది. సంతకం వెట్టమ్మా" అన్నాడు.

గుమ్మంలో మల్లన్న నిలబడి చూస్తున్నాడు. ఆమె సంతకం పెట్టింది. ఒక్క మాట కూడా అనలేదు. బయటికి వచ్చి, సంచిలోంచి స్పిరిట్ సీసా తీసి, మోచేతుల దాకా ఒంపుకుని కడుక్కుంది. సీసా ఖాళీ అయినా చేతులు శుభ్రమైనట్టు అనిపించలేదు.

ఆసుపత్రి వాళ్ళు ఆ కాగితం చూసి మెత్తబడ్డారు. రక్తం మళ్ళీ రాసాగింది. మల్లన్న టెంపరరీగానే ఉండిపోయాడు. మర్నాడు మాత్రం విమలాదేవి ఒక పని చేసింది. ఏ అప్‌డేటు వచ్చినా ఎవరి టిక్కు కోసమూ ఆగకుండా, వచ్చింది వచ్చినట్టే అన్ని కంప్యూటర్లకూ వెళ్ళిపోయేలా సర్వరుని మార్చేసింది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. బసవయ్య పాపం రాహుకాలాలు చూసి, సున్నాలు చుట్టి, ముహూర్తాలు పెడుతూనే ఉన్నాడు. ఆమె వెళ్ళి ఉత్తుత్తి టిక్కు పెడుతూనే ఉంది. ఆయన హారతి ఇస్తూంటే, రోజుల కిందటే అయిపోయిన పనికి దండం పెట్టే ఆ మొహం చూసి లోలోపల అసహ్యంతో నవ్వుకునేది. కానీ ఆ నవ్వు ఎంతోసేపు నిలిచేది కాదు. మల్లన్న కాఫీ పట్టుకుని లోపలికి వచ్చేవాడు.

మల్లన్న మారిపోయాడు. కీబోర్డులు తుడిచేవాడు గానీ కంప్యూటరు వెలిగి ఉంటే దగ్గరికి వచ్చేవాడు కాదు. అద్దం లెక్కున్నదని చూపించడం మానేశాడు. మరుసటేడు బోనాలకి ల్యాబు నిశ్శబ్దంగా ఉంది. ఇంట్లో ఉన్న సీడీలన్నీ మూటగట్టి మూసీలో పారేశాడని రక్తపరీక్షకి వచ్చినప్పుడు నీలమ్మ ఆయాసపడుతూ చెప్పింది. విమలాదేవి చాలాసార్లు మాట్లాడాలనుకుంది. మాట్లాడితే ఆ మెట్ల కింద జరిగింది తవ్వాలి. అతని ముందు తన సంతకాన్ని తానే విప్పి చూపించాలి. రేపు, రేపు అనుకుంది. బసవయ్య పట్టించుకునే శూన్యమాసాల్ని ఈసడించుకున్న మనిషి, తన మంచి రోజు కోసం తాను ఏళ్ళ తరబడి కాచుకుని కూర్చుంది.

2009లో బసవయ్య ల్యాబులన్నీ ఒక పెద్ద కంపెనీకి అమ్మేశాడు. ఆ కంపెనీకి తమ కంప్యూటర్ల మనుషులు వేరే ఉన్నారు. విమలాదేవికి అది ఆఖరి రోజు. టూత్‌బ్రష్షు, స్పిరిట్ సీసా మల్లన్న చేతిలో పెట్టింది. అతని జుట్టు సగం తెల్లబడింది. సర్వరు గదిలో క్యాలెండరు లేదు, మేకు మాత్రం ఉంది. మల్లన్న ఆమె కీబోర్డు చివరిసారి తుడుస్తున్నాడు.

"మల్లన్నా, ఒక మాట చెప్పాలయ్యా నీకు. ఆ పురుగు నీ సీడీ వల్ల రాలేదు. నీ తప్పు ఇసుమంత కూడా లేదు. ఆషాఢమని సారు ఆపబట్టి వచ్చింది. నువ్వు బతిమాలావని నేను అబద్ధం మీద సంతకం పెట్టాను."

అతను బ్రష్షు ఆపి, ఆమె వంక జాలిగా చూసి నవ్వాడు.

"ఊకోండ్రి మేడం. పోయే దినం నా మనసు కష్టపెట్టొద్దని గట్లంటున్నరు. మీరు మంచోళ్ళు."

"నిజం చెప్తున్నానయ్యా! ఆ రోజు మెట్ల కింద చెప్పలేదూ?"

"చెప్పిండ్రు. మీరు కాదంటే నేను సుత కాదనే అనుకున్న. బతిలాడిన గని, మీరు వెట్టరనే అనుకున్న మేడం. మీ సంగతి నాకెర్కలేదా? అబద్ధమైతే పెద్దసారు మొకం మీదనే 'ఛీ' అని వస్తరు. నేను గుమ్మంల నిలవడి గదే చూసిన. మీరు గమ్మున వెట్టిండ్రు. ఒక్క మాట అనలేదు. గప్పుడు సమజైంది నాకు, తప్పు నాదేనని."

ఏం చెప్పినా అది ఆ సంతకం కింద పడి నలిగిపోతుందని విమలాదేవికి తెలుస్తూనే ఉంది. తన కుడిచేతి వేళ్ళ వంక చూసుకుంది.

"ఛీ" అంది.

మల్లన్న కంగారుగా కీబోర్డు మీదకి వంగాడు. "ఇంకా గలీజున్నదా మేడం?" అని స్పిరిట్ అద్ది, మీటల సందుల్లో మళ్ళీ మొదటి నుంచీ తుడవసాగాడు.